గంట నాలుకల విషయంలో మా వల్ల జరిగిన తప్పు

శ్రావణం మొదలు దసరా దాకా మా కొట్లో పాత పూజగంటకు ఊడిపోయిన నాలుక కొత్తగా వేయించుకున్నవాళ్ళందరికీ ఈ కబురు. మీకు వేసింది ఇత్తడి నాలుక కాదు. పోత ఇనుము, పైన ఇత్తడి పూత. అలాంటివి మొత్తం 31 చేతిగంటలకు వెళ్ళాయి. తెలిసి చేయలేదు. కానీ పరీక్షించకుండా బిగించింది మేమే.

ఒక గంట లోపల ఎర్రటి చార కనబడుతోందని తిరిగి వచ్చింది. కంచుకు చిలుం పడితే పచ్చగా ఉంటుంది, ఎరుపంటే తుప్పే. అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. మిగిలిన సరుకు కుమ్మరించి చూస్తే అన్నీ అదే బాపతు. ఏళ్ళ తరబడి మాకు పోత నాలుకలు పంపే మనిషి ఈసారి మాటైనా చెప్పకుండా సరుకు మార్చేశాడు. ఫోన్ చేసి అడిగితే, "మోగుతోందిగా, ఏ నాలుకైతే ఏంటండీ?" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వలేదన్న బాధ కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

తూకంలో తేలలేదా అంటారేమో. 26 గ్రాముల ఇత్తడి నాలుక అదే కొలతలో పోత ఇనుముదైతే 22 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. పోత సరుకులో ఆ మాత్రం తేడా మామూలే. పట్టించేది అయస్కాంతమే. అది మా బల్ల సొరుగులోనే ఉంది, తీయలేదంతే.

ఇనుమైతే ఏంటో కూడా చెబుతాం. గంట కంచులో రాగి 78, తగరం 22 పాళ్ళకు అటూఇటూగా ఉంటుంది. ఎంత బాగా మోగుతుందో అంత పెళుసు. పోత ఇనుము గట్టిది, చిన్న ముక్క త్వరగా చల్లారితే ఇంకా గట్టిపడుతుంది. రోజూ ఒకేచోట కొడితే అంచు లోపల గుంట పడుతుంది, అక్కడి నుంచే బీట మొదలవుతుంది. అరిగితే నాలుక అరగాలి, గంట కాదు. పూత ముందుగా లేచేది కొట్టే చోట, నాలుకను వేలాడదీసే తీగ తిరిగే కన్నం దగ్గర. తుప్పెక్కిన కన్నం ఆకురాయిలా తీగనీ, అది తగిలించి ఉండే గంట లోపలి కొండినీ తినేస్తుంది. కొండి తెగితే పని పెద్దదవుతుంది. టంకం ఆ దెబ్బలకు ఆగదు, గ్యాస్ అతుకు వేడికి కంచు పగలొచ్చు. అందుకే ఎవరడిగినా మేం గంటకు అతుకు వేయం. తల దగ్గర మందం 10 మి.మీ. ఉంటే 3.3 మి.మీ. రంధ్రం పెట్టి, 4 మి.మీ. మర కోసి, తెగిన కొండికి బదులు ఇత్తడి కన్ను బిగిస్తాం. అంత మందం లేకపోతే గంట అలాగే తిరిగిచ్చేస్తాం.

ఇప్పుడేం చేయాలన్నది వారం రోజులు తేల్చుకోలేకపోయాం. కొత్త పోత సరుకు కోసం ఆగితే కార్తీకం దాటిపోతుంది. చివరికి లేత్ మీద చేయిస్తున్నాం: 16 మి.మీ. ఇత్తడి రాడ్‌లోంచి గుండు, 5 మి.మీ. కాడ, ఒకే ముక్కగా. చూడ్డానికి మాకే నచ్చలేదు. పాత గంటలో కట్టుడు పన్నులా తళతళలాడుతుంది. కానీ రాడ్ కోసేటప్పుడే ఏ లోహమో కళ్ళముందు కనబడుతుంది. ఇక ఒకరి మాట నమ్మక్కర్లేదు.

కాడ పొడవు ఏ గంటకాగంట కొలిచి తీస్తాం. గుండు నడిమి భాగం అంచు దగ్గర మందమైన చోటే తగలాలి, అంతకన్నా పైన తగిలితే డొక్కుగా పలుకుతుంది. వేలాడేది 2 మి.మీ. ఇత్తడి తీగ మీద. మెలిక బిగిస్తే నాలుక సరిగా ఊగదు, మరీ వదిలేస్తే కొట్టి అంచుకే ఆనుకుని బుర్రుమంటుంది.

మీ గంట నాలుకకు అయస్కాంతం అంటుకుంటే, మా దగ్గరికి తెచ్చేదాకా దారంతో కట్టి ఉంచండి, వాయించకండి. పైసా ఇవ్వక్కర్లేదు, కొరియర్ ఖర్చూ మాదే. అప్పటికే గుంట పడి ఉంటే దాన్ని ఆకురాయితో సాపు చేయం, స్వరం మారిపోతుంది. నాలుక ఊగే దిశను పావు చుట్టు తిప్పి బిగిస్తాం, దెబ్బ కొత్త చోట పడుతుంది.

పోత నాలుకే కావాలనేవాళ్ళు సంక్రాంతి దాకా ఆగాలి. వేరే చోట పోయిస్తున్నాం. ఆ పాత మనిషి మాత్రం సగం ధరకిస్తానన్నా కొనం.