కంప్రెషన్ డ్రైవర్ పేరుతో అమ్మిన హారన్ స్పీకర్లపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: హారన్ స్పీకర్ల జతను వెనక్కి తీసుకుని పూర్తి డబ్బు ఇప్పించడం గురించి.

అయ్యా,

మీరు అమ్మిన హారన్ స్పీకర్లలో, అంటే విప్పారే గొట్టం ద్వారా శబ్దం పంపే స్పీకర్లలో, కంప్రెషన్ డ్రైవర్ (గట్టి రేకుతో గాలిని ఇరుకు దారిలోకి నొక్కి శబ్దం పుట్టించే భాగం) లేదని నేను రాసిన మొదటి ఫిర్యాదుకు మీ టెక్నికల్ విభాగం పంపిన జవాబు అందింది. "నాలుగంగుళాల కోన్ అంగుళం రంధ్రంలోకి గాలిని నొక్కుతుంది, కాబట్టి ఇదీ కంప్రెషన్ డ్రైవరే" అని అందులో రాశారు. ఆ మాట ఒప్పుకోలేకే మళ్లీ రాస్తున్నాను. వెనక మూత తీసినందుకు వారంటీ పోయిందనీ అన్నారు. వైర్ల బిగింపు చూసుకోవడానికి మూత తీయమన్నది మీ మాన్యువలే.

లోపల ఉన్నది కాగితపు కోన్‌తో మామూలు ఫుల్ రేంజ్ డ్రైవర్, అంటే కింది, పై స్వరాలన్నీ ఒక్కటే పలికే డ్రైవర్. దాని ముందు ఒక పలక, ఆ పలకకు రంధ్రం. ఫేజ్ ప్లగ్ (డ్రైవర్ ముందు పెట్టే, చీలికలున్న దిమ్మ) లేదు. అసలు కంప్రెషన్ డ్రైవర్‌లో డయాఫ్రమ్‌కూ (కదిలి శబ్దం పుట్టించే రేకుకూ) ఫేజ్ ప్లగ్‌కూ మధ్య సందు మిల్లీమీటరు ప్రాంతంలోనే ఉంటుంది. వెడల్పాటి డయాఫ్రమ్ నెట్టిన గాలి ఇరుకు థ్రోట్‌లోకి, అంటే హారన్ మొదలయ్యే సన్నటి దారిలోకి, పోవాలి కాబట్టి డయాఫ్రమ్ కొద్దిగా కదిలినా చాలా శబ్దం బయటికొస్తుంది. ఆ ఒత్తిడికి వంగకూడదనే టైటానియం, అల్యూమినియం లాంటి గట్టి రేకుతో దాన్ని గుమ్మటంలా చేస్తారు. మెత్తటి కాగితం ఆ పని చేయలేదు.

ఫేజ్ ప్లగ్ లేని లోటు చెవికే తెలుస్తోంది. కోన్ అంచు నుంచి వచ్చే శబ్దం మధ్య నుంచి వచ్చేదానికంటే కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ దూరం నడిచి రంధ్రం చేరుతుంది. కొన్ని వేల హెర్ట్జ్ దగ్గర అది దాదాపు సగం తరంగం, అంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఫేజ్ ప్లగ్‌లోని చీలికలు ఉండేది ఈ దూరాలను సమానం చేయడానికే. మీ స్పీకర్లో స, శ, ష మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి.

ఇక కరపత్రంలోని అంకెలు. ఒక వాట్‌కు మీటరు దూరంలో 108 డెసిబెల్స్ అని వేశారు. కంప్రెషన్ డ్రైవర్‌కు అది మామూలే. ఇంత చిన్న ఫుల్ రేంజ్ డ్రైవర్ విడిగా ఇచ్చేది 90 దరిదాపుల్లోనే. మిగతా 18 డెసిబెల్స్ అంటే అరవై రెట్లకు పైగా శక్తి. హారన్ కొంత పెంచుతుంది, నిజమే, కానీ అంతా అదే పెంచిందంటే కొలిచిన కాగితం చూపించండి. 100 హెర్ట్జ్ నుంచి పలుకుతుందనీ రాశారు. ఆ శబ్ద తరంగం పొడవు 3.4 మీటర్లు. దాన్ని మోయాలంటే హారన్ నోరు మీటరుకు పైగా వెడల్పుండాలి. మీది 30 సెంటీమీటర్లు, అది కిందికి సుమారు 360 హెర్ట్జ్ వరకే మోయగలదు.

ఫుల్ రేంజ్ డ్రైవర్ తక్కువదని నేననడం లేదు. తేలికైన కోన్, బలమైన మాగ్నెట్ ఉన్నదాన్ని వెనక హారన్ పెట్టి వాడితే, క్రాసోవర్ (స్వరాలను వేరువేరు డ్రైవర్లకు పంచే సర్క్యూట్) అతుకు లేకుండా గొంతు ఒక్కచోట నుంచే వస్తుంది. నాకు చాలా ఇష్టమైన శబ్దం అది. మీరు అదీ చేయలేదు, కోన్‌ను రంధ్రం వెనక బంధించారు.

డ్రైవర్లు మాత్రం మార్చి ఇస్తామంటే కుదరదు. ఇదే డబ్బాలో అంగుళం కంప్రెషన్ డ్రైవర్ ఒక్కటే బిగిస్తే సుమారు 1,000 హెర్ట్జ్ కింద దాన్ని నడపకూడదు. కింది స్వరాలకు వూఫర్ (లోతైన శబ్దాలు పలికే పెద్ద డ్రైవర్), క్రాసోవర్ కావాలి, వాటికి ఇందులో చోటే లేదు. కాబట్టి జతను మీ రవాణా ఖర్చుతోనే వెనక్కి తీసుకుని, నేను కట్టిన మొత్తం తిరిగి ఇవ్వండి. కరపత్రంలో డ్రైవర్ పేరు, అంకెలు సరిచేసి ఒక ప్రతి నాకు పంపండి. రసీదు, లోపలి ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు