సంక్రాంతి ఆర్డర్లలో సగం ఆలస్యం: ఏం జరిగిందంటే

అందరికీ నమస్కారం. సంక్రాంతికి ముందే పంపుతానని అడ్వాన్సు తీసుకున్న మట్టి సామానులో దాదాపు సగం పండగలోపు రాదు. వాన మీదకి నెట్టేయొచ్చు గానీ, చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలేనని నాకు తెలియనిదా?

రెడ్‌హిల్స్ దాటాక ఉన్న మా బట్టీలో కాల్చేది సరుగుడు కట్టెలతో. టార్పాలిన్ కింద పేర్చినవి పైకి ఎండినట్టే కనబడ్డాయి. రెండు కట్టెలు తాటించి చూస్తే ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. ఆ పాటి పని కూడా చేయకుండా ముట్టించాను.

900 డిగ్రీల దాకా బాగానే ఎక్కింది. 1100 దగ్గర నిలబడిపోయింది. కట్టెలో నీళ్లు ఆవిరి చేయడానికే మంట ఖర్చవుతుంటే కుండలకేం మిగులుతుంది? కంగారుపడి ఇంకా ఇంకా కట్టెలు తోశాను. అసలు తప్పు అదే. పొయ్యిలో నిప్పులు గుట్టపడి గాలి దారి మూసుకుపోయింది. గొట్టం నిండా నల్లటి పొగ, మీటరేమో కిందికి. రాత్రి రెండింటికి అమ్మ ఫోన్ చేసి, "పొయ్యి పొగేస్తుంటే కట్టె వెనక్కి లాగుతాం గానీ ఇంకా కూరతామట్రా?" అంది. నిప్పులు గోకి చదును చేసి, కట్టె వేయకుండా పావుగంట ఆగితే మళ్లీ ఎక్కడం మొదలైంది. మామూలుగా 18 గంటల్లో అయ్యేది 26 గంటలు పట్టింది.

వేడి ఎంతకి చేరిందో తెలియడానికి బట్టీలో కోన్‌లు పెడతాం, అంటే ఒక్కో నంబరు ఒక్కో వేడికి వంగే చిన్న మట్టి ముక్కలు. పై అరలో 6వ నంబరు వంగింది, అంటే సుమారు 1220 డిగ్రీలు. కింది అరలో అంతకంటే తక్కువ వేడికే వంగాల్సిన 4వ నంబరు కూడా నిటారుగా నిలబడే ఉంది.

పెట్టినవి 132, పనికొచ్చేవి 71. ఎనిమిది ఉబ్బిపోయాయి. మిగతా 53 సరిగా కాలలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అంటారు. ఈసారి గుదియ నా చేతిలోనే ఉంది.

ఆ 53 చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఒక గిన్నెలో నీళ్లు పోసి రాత్రంతా పేపరు మీద పెడితే పొద్దున్నకి కింద తడి మచ్చ. అందులో పెరుగు తోడేస్తారు మీరు. తగ్గింపు ధరకైనా అమ్మను. మళ్లీ కాలుస్తాను, కొన్ని పగలొచ్చు.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. "ఈ మెరుపంతా కట్టె బూడిదదేనా?" అని అడిగినవాళ్లకి నవ్వి ఊరుకున్నాను. కాదు. బూడిద తనంతట తాను కరిగి గాజులా మారాలంటే 1280 దాకా పోవాలి. మేం కట్టె కలిసొస్తుందని 1220 దగ్గరే ఆపుతాం. కాబట్టి గ్లేజ్ (కాలితే గాజులా మెరిసే పూత) ముందే పూస్తాం, చివర్లో సోడా పొడి కలిపిన నీళ్లు బట్టీలోకి చల్లుతాం. బూడిద ఇచ్చేది అక్కడక్కడ మచ్చలు, కాస్త గరుకు. మంట నాకిన వైపు ఎరుపు మాత్రం నిజంగా మంటదే.

జనవరి ఆఖరు దాకా ఆగగలిగితే ఆగండి. లేదంటే అడ్వాన్సు మొత్తం తిరిగిస్తాను, వాట్సాప్‌లో ఆర్డరు నంబరు పెట్టండి చాలు. కాఫీ కప్పులు అడిగినవాళ్లవి పై అరలోవే, సోమవారం బయల్దేరతాయి. కట్టెలు ఇప్పుడు చీల్చి రేకుల కప్పు కిందికి మార్చాం.