మరణశిక్ష వేసేది కోర్టు, తేల్చేది ఎన్నికలు

సంపాదకుడు గారికి,

ఇక్కడ ఏ ఘోరం జరిగినా "అదే అమెరికాలో అయితేనా, ఈపాటికి మరణశిక్ష అమలు చేసేసేవాళ్లు..." అనే మాట టీవీ చర్చల్లో, వాట్సాప్‌లో మొదలైపోతుంది. అలా అనేవాళ్లు పెన్సిల్వేనియాలోని మనవాళ్ల కేసే ఒకసారి చూడాలి.

2012లో అక్కడ ఒక తెలుగు కుటుంబంలోని పది నెలల పాపనూ, నాయనమ్మనూ చంపిన కేసులో ఓ తెలుగు యువకుడికి 2014లో మరణశిక్ష పడింది. 2018 ఫిబ్రవరి 23న అమలు అని తేదీ కూడా వచ్చింది. మన పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. ఆ రోజు ఏమీ జరగలేదు. జరగదని అక్కడివారికి ముందే తెలుసు. అక్కడ ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని పాలించేది గవర్నరే; అప్పటి గవర్నర్ టామ్ వుల్ఫ్ 2015లోనే మరణశిక్షల అమలును నిలిపేశారు. గవర్నర్ సంతకం చేయకపోయినా జైళ్ల శాఖ తేదీ ప్రకటించాలని చట్టం చెబుతుంది కాబట్టి ప్రకటించారు, అంతే. తర్వాత గవర్నరైన జోష్ షపీరో కూడా అమలు చేయనన్నారు. ఆ రాష్ట్రంలో చివరిసారి మరణశిక్ష అమలైంది 1999లో.

ఫెడరల్ (అంటే అమెరికా కేంద్ర) ప్రభుత్వంలో ఇంకా విచిత్రం. 17 ఏళ్లు ఒక్కరికీ అమలు చేయలేదు. 2020 జులై నుంచి ఆరు నెలల్లో ట్రంప్ ప్రభుత్వం 13 మందికి అమలు చేసింది. 2024 డిసెంబరులో బైడెన్ ఫెడరల్ మరణశిక్ష పడ్డ 40 మందిలో 37 మందికి దాన్ని యావజ్జీవంగా మార్చారు. నెల తిరగకుండానే ట్రంప్ మళ్లీ వచ్చి, మొదటి రోజే మరణశిక్షలు కోరాలని ఆదేశమిచ్చారు. ఈ మలుపులకు ప్రధాన కారణం నేర తీవ్రత కాదు, అధికారం చేతులు మారడమే. మరణశిక్ష అడగాలా వద్దా అని మొదట నిర్ణయించే జిల్లా ప్రాసిక్యూటర్ కూడా చాలా రాష్ట్రాల్లో ఓట్లతో గెలిచినవాడే!

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 1987 నాటి మెక్‌క్లెస్కీ కేసు. జార్జియా రాష్ట్రంలో హత్యకు గురైనవారు తెల్లవారైతే, నల్లవారైనప్పటికంటే మరణశిక్ష పడే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉంటుందని చూపిన అధ్యయనాన్ని అమెరికా సుప్రీంకోర్టు ముందు పెట్టారు. నిందితుడు మెక్‌క్లెస్కీ కేసులో వివక్ష జరిగిందనడానికి అది చాలదని 5-4తో తోసిపుచ్చారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ పావెల్, రిటైరయ్యాక, ఇప్పుడైతే ఓటు మార్చుకుంటానన్నారు. మెక్‌క్లెస్కీకి మాత్రం 1991లో శిక్ష అమలైపోయింది.

మరణశిక్ష వద్దనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కావాలనేవారి బాధ, కోపం అర్థం చేసుకోగలను. కానీ అమెరికాను ఉదాహరణగా చూపితే మాత్రం వారి వాదన నిలవదు. ఇకపై అక్కడి మరణశిక్ష తేదీలు వేసేటప్పుడు, ఆ రాష్ట్రంలో అమలు నిలిపివేత ఉందో లేదో ఒక్క వాక్యం చేర్చమని మనవి.

- ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు