గురుడి లోపల అణుమంట ఏదీ లేదు

సంపాదకులకు నమస్కారం.

గురుగ్రహం ఆకాశంలో బాగా కనబడే రోజులొస్తే చాలు, 'నక్షత్రం కావాల్సింది, కొద్దిలో తప్పిపోయింది, లోపల ఇంకా మండుతూనే ఉంది' అంటూ పేపర్లలో, యూట్యూబ్‌లో కథలు మొదలవుతాయి. మీ పిల్లల పేజీలోనూ అదే చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను, ఎందుకంటే పిల్లలు దాన్నే పట్టుకొచ్చి మా క్లాసులో జవాబుగా చెబుతున్నారు.

గురుడు ఎండ నుంచి తీసుకునేదానికి సుమారు రెండింతల వేడి బయటికి వదులుతాడు, అంతవరకు నిజం. కానీ నక్షత్రాల్లోలా హైడ్రోజన్ సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) నిలకడగా సాగాలంటే ఇప్పుడున్న బరువుకు కనీసం 75 రెట్లు ఉండాలి, డ్యుటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, మండడానికైనా 13 రెట్లు కావాలి. కొద్దిలో తప్పడం అంటే ఇదా?

గురుడు వదిలేది పుట్టుకతో వచ్చిన వేడి. దాదాపు 450 కోట్ల ఏళ్ల కిందట వాయువు కూడుకుని కుదించుకుపోయినప్పుడు పోగైన ఆ వేడి ఇంకా బయటికి వస్తూనే ఉంది, గ్రహం ఇప్పటికీ అతి నెమ్మదిగా కుంచించుకుపోతోంది. శనికి ఈ లెక్క చాలదు. గురుడి బరువులో మూడో వంతు కూడా లేని శని ఈపాటికి ఇంకా చల్లారి ఉండాలి, కానీ చల్లారలేదు. స్టీవెన్‌సన్, సాల్పీటర్ అనే శాస్త్రవేత్తలు 1977లో చెప్పిన కారణం నాకైతే ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా ఉంటుంది: లోతుల్లో లోహంలా మారిన హైడ్రోజన్‌లో హీలియం కలవలేక బొట్లుగా విడిపోయి కిందికి కురుస్తుంది, ఆ పడడంలోనే వేడి పుడుతుంది. గురుడిలోనూ కొంత ఇలా జరుగుతున్నట్టుంది. 1995లో గెలీలియో నౌక అక్కడ వదిలిన పరికరం కొలిస్తే, సూర్యుడితో పోల్చితే నియాన్ వాయువు పదో వంతే దొరికింది, మిగతాది హీలియం బొట్లలో కరిగి లోపలికి దిగిపోయిందని వివరణ.

యురేనస్‌కు సొంత వేడి దాదాపు లేదని 1986లో వాయేజర్-2 నౌక పక్కనుంచి వెళ్తూ కొలిచిన అంకె మీదే ఇన్నాళ్లూ చెప్పుకున్నాం. నెప్ట్యూన్ చూస్తే తీసుకునేదానికి 2.6 రెట్లు వదులుతుంది. 2025లో రెండు బృందాలు విడివిడిగా లెక్కేసి, యురేనస్ కూడా తీసుకునేదానికన్నా 12 నుంచి 15 శాతం దాకా ఎక్కువే వదులుతోందని తేల్చాయి. మన తెలుగు పేపర్లలో ఇది నా కంటపడలేదు.

దయచేసి ఆ పిల్లల పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. హీలియం వాన గురించి కూడా రాయండి, పిల్లలకు తప్పకుండా నచ్చుతుంది.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి