ఫొటో చూసి పాత గిటార్‌కు ధర చెప్పడం మానేశాం

మా దుకాణానికి వచ్చేవారికి, వాట్సాప్‌లో అడిగేవారికి ఒక మాట. ఈ నెల నుంచి పాత ఎలక్ట్రిక్ గిటార్లకు ఫొటో చూసి ధర చెప్పం. గిటార్ మా బల్ల మీదికి రావాలి, మేము విప్పి చూడాలి, ధర ఆ తరువాతే. ఏది అసలుదో, ఏది మధ్యలో మార్చిందో పరిశీలించి కాగితం మీద రాసివ్వడానికి పదిహేను వందలు తీసుకుంటాం. గిటార్ మాకే అమ్మితే ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తాం. "చూడటానికి కూడా డబ్బులా?" అని ఇప్పటికే ఒకరిద్దరు మొహం మీదే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు.

ఈ మధ్య వచ్చిన ఒక ఫెండర్ స్ట్రాటోకాస్టర్, అంటే ఫెండర్ అనే అమెరికా కంపెనీ చేసే పేరున్న ఎలక్ట్రిక్ గిటార్, దాని సంగతి, యజమాని ఒప్పుకున్నారు కాబట్టి చెబుతున్నాను. వాళ్ల మేనమామ సింగపూర్ నుంచి తెచ్చుకున్న గిటార్. ముందుగా ఆయన నాకు పంపింది సీరియల్ నంబరు ఒక్కటే: ఇంగ్లిష్ అక్షరం 'ఇ', దాని వెనక ఆరు అంకెలు. ఇంటర్నెట్‌లో వెతికితే ఎనభైల నాటి అమెరికా ఫెండర్ అని తేలిందట. రెండున్నర లక్షలకు తక్కువ కాదని ఇంట్లో అందరూ నిశ్చయించుకున్నారు.

నంబరు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. ఎనభైలలో అమెరికాలో తయారైన ఫెండర్లకు 'ఇ' అక్షరం ఉన్నమాట నిజం. అయితే ఫెండర్ 1982లో జపాన్‌లోనూ తయారీ మొదలుపెట్టింది. మత్సుమొతో ఊళ్లోని ఫుజిగెన్ కర్మాగారంలో తయారైన తొలి గిటార్లకు 'జేవీ' నంబర్లు, 1984 నుంచి 1987 వరకు వచ్చిన వాటికి మళ్లీ 'ఇ' నంబర్లు. ఒకే అక్షరం, రెండు దేశాలు. తేడా తెలిసేది నంబరు ఉన్న చోటును బట్టి. అమెరికా గిటార్‌లో అది పైన, హెడ్‌స్టాక్ అనే గిటార్ తల మీద ఉంటుంది. ఈ గిటార్‌లో నెక్ వెనక, అంటే చేత్తో పట్టుకునే పొడుగు భాగం వెనక, అది బాడీతో కలిసే దగ్గర, 'మేడిన్ జపాన్' అన్న అక్షరాల పక్కన ఉంది. నంబరును మాత్రమే దగ్గరగా తీసిన ఫొటోలో ఆ చోటు ఎలా కనిపిస్తుంది?

అక్కడితో అయిపోలేదు. తీగలు వదులు చేసి, వాటి కింద ఉండే పలక పిక్‌గార్డ్ ఎత్తగానే లోపలి కథ బయటపడింది. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే మూడు పికప్‌లలో మధ్యది ఎవరో తిరిగి చుట్టారు, రాగి తీగ రంగే వేరు. వాల్యూం నాబ్ కింద, నాబ్ తిప్పితే శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం, 250 కిలోఓముల పాట్ ఉండాల్సిన చోట రేడియోలకు వాడే 1 మెగాఓము పాట్ ఉంది. ఫ్యాక్టరీ టంకం చిన్నగా, మట్టిరంగుకు తిరిగి ఉంటే, దాని పక్కనే కొత్త టంకం శనగగింజంత ముద్దలుగా మెరుస్తోంది. ఆ రిపేరు చేసినవారిని తప్పుపట్టను. అప్పట్లో ఇక్కడ ఫెండర్ విడిభాగాలు దొరికేవి కావు, రేడియో మెకానిక్కే గిటార్ వైద్యుడు. ఆయన పుణ్యమా అని అది ఇన్నేళ్లూ మోగింది. కానీ కొనేవాడు లెక్కపెట్టేది అసలు భాగాలను, మెకానిక్ మంచితనాన్ని కాదు.

నేను యాభై అయిదు వేలు ఇస్తానన్నాను. పాట్ మార్చి, నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు ఫ్రెట్లు సరిచేసి ఎనభై అయిదు వేలకు అమ్మకానికి పెడతాననీ చెప్పాను. దాచడం దేనికి? మేము కొనే ధర మామూలుగా అమ్మే ధరలో అరవై, అరవై అయిదు శాతం దగ్గర ఉంటుంది. మిగిలిన దానిలో పని, పన్ను, అద్దె, నెలల తరబడి గోడకు వేలాడే గిటార్‌లో ఇరుక్కున్న డబ్బు అన్నీ ఉన్నాయి. అది నచ్చనివారు గిటార్‌ను మా దగ్గర అమ్మకానికి ఉంచవచ్చు. అమ్ముడుపోతే పదిహేను శాతం మాది, ఎప్పుడు పోతుందో మాత్రం చెప్పలేం. ఆయన అమ్మలేదు, వాయించుకుంటానని తీసుకెళ్లారు. అదే మంచిదని నాకూ అనిపించింది. పదిహేను వందలు మాత్రం తీసుకున్నాను.

అమెరికా గిటార్లలో పాట్ వెనక ముద్రించిన అంకెలు నాకు సీరియల్ నంబరు కన్నా ఎక్కువ పనికొస్తాయి. ఉదాహరణకు 1377633 అని ఉందనుకోండి. 137 అంటే పాట్ తయారుచేసిన సీటీఎస్ కంపెనీ, 76 అంటే 1976, చివరి 33 ఆ ఏడాది 33వ వారం. అంటే గిటార్ అంతకు ముందుది కాదని తెలుస్తుంది, అంతవరకే. ఫెండర్ 1966లో పాట్లను పెద్ద ఎత్తున కొనిపెట్టుకుని తరువాతి కొన్నేళ్లూ వాడింది. అందుకని నెక్ అడుగున వేసిన తేదీ, పికప్‌లు, స్క్రూల రంధ్రాలు, అన్నీ ఒకే మాట చెబితేనే నేను సంవత్సరం రాసి సంతకం పెడతాను. మరో అమెరికా కంపెనీ గిబ్సన్ గిటార్ల తలనొప్పి వేరు. 1977 నుంచి వచ్చిన ఎనిమిది అంకెల నంబర్లలో ఒకటో అంకె, అయిదో అంకె కలిపి చదివితే ఏడాది తెలుస్తుంది. అరవైల, డెబ్బైల తొలినాళ్ల నంబర్లయితే ఒకటే నంబరు వేర్వేరు ఏళ్లలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

మరో మాట, గివ్‌సన్ గిబ్సన్ కాదు. అది కలకత్తాలో తయారైన మన దేశపు గిటార్. నకిలీ అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, లక్షలు వస్తాయని ఆశపడనూ అక్కర్లేదు. అలాగే డెబ్బైల నాటి జపాన్ గిటార్ దేనికైనా 'లాసూట్ గిటార్', అంటే కోర్టు కేసుకెక్కిన గిటార్, అని పేరు తగిలించి రేటు పెంచే అలవాటు ఇక్కడికీ పాకింది. గిబ్సన్ మాతృసంస్థ 1977లో కేసు వేసింది ఐబనేజ్ అనే జపాన్ గిటార్లను అమెరికాలో అమ్ముతున్న సంస్థ మీద, అదీ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. మిగతా కంపెనీలకు ఆ కేసుతో సంబంధం లేదు. మా చీటీల మీద ఆ మాట ఉండదు.

పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ 2019 వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికిందని, దానిలోనూ నెక్, పికప్‌లు మార్చారు కదా అని ఒకాయన నాతో గట్టిగా వాదించారు. నిజమే, మార్చారు. అక్కడ అమ్ముడుపోయింది గిల్మర్ చేయి. మీ గిటార్ మీద అలాంటి చేయి పడి ఉంటే రుజువు తీసుకురండి, ధర గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది కొత్త రంగు. అమ్మే ముందు మెరిపిస్తే రేటు పెరుగుతుందని పాత పూత గీకించి తెస్తారు. పాత గిటార్ల వ్యాపారంలో రంగు మార్చిన గిటార్‌కు అసలు పూతతో ఉన్నదాని ధరలో దాదాపు సగమే వస్తుంది. అతినీల కాంతి టార్చి వేస్తే పాత గిటార్లకు వేసిన నైట్రో అనే పూత ఒకలా మెరుస్తుంది, తరువాత వేసిన చోట మచ్చలా నల్లగా కనిపిస్తుంది. కాబట్టి దాచినా దాగదు. విశాఖ, చెన్నై వైపు నుంచి వచ్చే వాటికి తీగలు ఆనే లోహపు భాగం బ్రిడ్జి మీద ఉప్పుగాలి తుప్పు ఎలాగూ ఉంటుంది. దానికి నేను పెద్దగా తగ్గించను.

పరిశీలన మంగళవారం నుంచి శనివారం వరకు, మధ్యాహ్నం పూట. ముందుగా ఫోన్ చేసి రండి, ఒక్కో గిటార్‌కు గంటకు పైనే పడుతుంది. ఎప్పుడో తీసేసిన పాత పికప్, నాబ్, స్క్రూ ఏది ఇంట్లో ఉన్నా ఒక కవర్లో వేసి తెండి, దానికీ విలువ ఉంది. తీగలు తుప్పు పట్టి ఉన్నా మార్చకండి. ఆ పని మేమే చేస్తాం, తీగల ఖరీదు పదిహేను వందల్లోనే కలిసి ఉంది.