పచ్చళ్ల వెబ్‌సైట్‌కి సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో పచ్చళ్లు, పిండివంటలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకుంటున్న ఆడవాళ్ల గురించి మీ పేపర్లో తరచూ రాస్తున్నారు, సంతోషం. కానీ ప్రతిసారీ "సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకున్నారు, ఆర్డర్లు వస్తున్నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అసలు తిప్పలన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయండీ. మా వదిన తణుకులో ఆవకాయ, గోంగూర, పూతరేకులు చేసి అమ్ముతోంది, వెబ్‌సైట్ పని నేను చూస్తాను, అందుకే రాస్తున్నాను.

షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ (వెబ్‌సైట్‌లో సరుకు చూపించి ఆర్డర్లు, డబ్బు తీసుకునేది) కావాలని ఎవరిని అడిగినా ముందు డిజైన్లు చూపిస్తారు. తిండి అమ్మేవాళ్లు ముందు చూడాల్సింది అది కాదు, కొరియర్ లెక్క. అరకిలో ఆవకాయ సీసాలో పెట్టి, సీలు వేసి, నూనె కారకుండా కవరు చుట్టి, అట్టపెట్టెలో సర్దేసరికి బరువు అరకిలో దాటిపోతుంది, కొరియర్ వాళ్లు చాలామంది అరకిలో శ్లాబుల్లో లెక్కేస్తారు కాబట్టి కనీసం కిలో చార్జీ పడుతుంది. పూతరేకుల సంగతి ఇంకా ఘోరం. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ వచ్చినది అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. 30, 20, 10 సెంటీమీటర్ల పెట్టె అంటే 1.2 కిలోలన్నమాట, లోపల ఉన్నవి ఎంత తేలికైనా సరే. కాబట్టి పావుకిలో, అరకిలో, కిలో దేనికది ప్యాకింగుతో కలిపిన బరువు వేసుకునే వీలుందా, పిన్‌కోడ్‌ను బట్టి చార్జీ మార్చుకోవచ్చా, ఇది అడగండి ముందు. ఇది సరిగ్గా లేకపోతే ప్రతి ఆర్డరుకీ చేతి డబ్బు పడుతుంది, అది నెల చివర లెక్క చూసుకుంటే గానీ తెలియదు.

వూకామర్స్ అనే షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితం అంటారు, నిజమే, సాఫ్ట్‌వేర్ వరకు ఉచితమే. హోస్టింగ్ (సైటు ఉండే చోటు), డొమైన్ (సైటు అడ్రసు) మనం కొనుక్కోవాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు మనమే చూసుకోవాలి, బరువును బట్టి డెలివరీ చార్జీ పడాలంటే దానికి ప్లగిన్ అనే ఇంకో అదనపు సాఫ్ట్‌వేర్ ముక్క పెట్టుకోవాలి. షాపిఫై అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అయితే నెలనెలా అద్దె కట్టాలి, ఆ నిర్వహణ తలనొప్పి మాత్రం ఉండదు. కాకపోతే ఇండియాలో వాళ్ల సొంత పేమెంట్ పద్ధతి లేదు, బయటి పేమెంట్ గేట్‌వే (కొనేవాళ్లు కట్టిన డబ్బు మనకు చేర్చే సేవ) పెట్టుకోవాలి, గేట్‌వే తీసుకునేది కాక షాపిఫై కూడా ప్లాన్‌ను బట్టి ప్రతి అమ్మకం మీద కొంత శాతం తీసుకుంటుంది. ఇంట్లో కంప్యూటర్ పని తెలిసిన పిల్లలుంటే మొదటిది, లేకపోతే రెండోది, నేనైతే అలాగే చెబుతాను. అసలు రోజుకి రెండు మూడు ఆర్డర్లే వస్తుంటే ఏదీ అక్కర్లేదు, వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టి యూపీఐతో డబ్బు తీసుకుంటే సరిపోతుంది.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి గట్టిగా చెప్పాలి. చీర వెనక్కి వస్తే మళ్లీ అమ్ముకోవచ్చు, పూతరేకులు వెనక్కి వస్తే పొడే. ఆ ఆప్షన్‌ను కావాల్సిన సరుకుకి, కావాల్సిన ఊళ్లకి మాత్రమే ఆపేసే వీలు లేని సాఫ్ట్‌వేర్ మనకు పనికిరాదు.

రూల్స్ కూడా సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారుచేసినవాళ్ల పేరు, అడ్రసు కొనేవాళ్లకు సరుకు పేజీలోనే కనపడాలి, వీటికి చోటు లేని టెంప్లేట్లు (రెడీమేడ్ పేజీ డిజైన్లు) బోలెడు. ఇంకోటి, 40 లక్షల లోపు అమ్మకాలకు జీఎస్టీ అక్కర్లేదని చాలామంది ధీమాగా ఉంటారు. పక్క రాష్ట్రానికి సరుకు పంపితే ఆ మినహాయింపు వర్తించదు. తణుకు నుంచి హైదరాబాద్‌కి పచ్చడి పంపినా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, కాబట్టి రాష్ట్రాన్ని బట్టి పన్ను సరిగ్గా విడదీసి బిల్లు ఇచ్చేదే తీసుకోవాలి.

ఇక నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. వదినకి మొదట వెబ్‌సైట్ చేసిచ్చినతను డొమైన్ తన పేరు మీదే కొన్నాడు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. రేటు పెంచి, కట్టకపోతే సైటు ఆపేస్తానన్నాడు. కట్టం అన్నాం, ఆపేశాడు. సైటు పోతే పోయింది, దాంతోపాటు ప్రతి ఎండాకాలం ఆవకాయ కోసం ఎదురుచూసే పాత కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి వెల్లుల్లి వద్దో, ఎవరికి కారం తగ్గించాలో, అన్నీ పోయాయి. వదిన చేతి వంట నచ్చి, ఒకరికొకరు చెప్పుకుని వచ్చిన జనం వాళ్లు. డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే మూడూ అమ్మేవాళ్ల పేరు మీద, వాళ్ల మెయిల్‌తోనే ఉండాలి. కస్టమర్ల జాబితా, ఆర్డర్లు ఎక్సెల్‌లో తెరుచుకునేలా బయటికి తీసుకోవచ్చా అని డబ్బు కట్టకముందే అడగాలి, అడగడమే కాదు, ట్రయల్‌లో ఉండగానే ఒకసారి డౌన్‌లోడ్ చేసి చూడాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు నీళ్లు నమిలితే అక్కడితో ఆపేయండి.

డ్వాక్రా సంఘాలకు ఇచ్చే శిక్షణలో ప్యాకింగ్, లేబుళ్ల గురించి చెబుతున్నారు. వీటితోపాటు డొమైన్ ఎవరి పేరు మీద ఉండాలి, డేటా ఎలా తీసుకోవాలి అన్నవి కూడా ఒక పూట కూర్చోబెట్టి చేయించాలని అధికారులను కోరుతున్నాను. మీరు కూడా ఈసారి ఇలాంటి కథనం వేసినప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, నెలకి ఎంత అవుతోంది, డెలివరీ చార్జీ ఎలా వేస్తున్నారు అని ఆ ఇంటివాళ్లను అడిగి రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, తణుకు