తాతయ్య పెన్సిల్ నోట్‌బుక్

చిన్నా,

నిన్న ఫోన్లో గట్టిగా మాట్లాడావని నాకేం కోపం లేదురా, నా దగ్గు విని కంగారుపడ్డావు అంతే. ఆ తడిసిన కాగితాల బూజు వల్లే దగ్గు, ముందు వాటిని చెత్త బండిలో వేసెయ్ అమ్మా అన్నావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పేలోపు నీకు ఇంకో కాల్ వస్తుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. మొత్తం చదువు, అప్పుడు పారెయ్యమను.

సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు నేనూ మీ నాన్నా డాబా ఎక్కేటప్పటికే మోకాళ్ల దాకా వచ్చేశాయి, బియ్యం, మందులు, నీ సర్టిఫికెట్లు పైకి తెచ్చాం గానీ మంచం కింద తాతయ్య ట్రంకు పెట్టె నాకు గుర్తే రాలేదు. రాత్రి డాబా మీద పడుకున్నాక గుర్తొచ్చింది. కింద నడుంలోతు నీళ్లు, చీకటి, మీ నాన్న దిగనివ్వలేదు. మా నాన్న మిలిటరీ సర్వీసూ పత్రికలో చేసిన అన్నేళ్లూ ఆ పెట్టెలోనే ఉన్నాయి కదా, తెల్లారేదాకా నాకు కన్ను మూతపడలేదు.

నీళ్లు తీశాక పెట్టె పటమటలో పిన్ని వాళ్లింటికి తీసుకెళ్లి తెరిచాం. పేపర్ కటింగులు చాలావరకు ముద్దయిపోయాయి, అరిసెల పిండిలా చేతికి అంటుకున్నాయి. 1971 యుద్ధంలో తూర్పు వైపు చేసినవాళ్లకి ఇచ్చిన పూర్వీ స్టార్ మెడల్ బాగానే ఉంది గానీ దాని రిబ్బన్ రంగు దిగి డిశ్చార్జి బుక్కు అంతా మరకలు. అమ్మమ్మకి రాసిన ఇన్‌లాండ్ లెటర్లు అన్నీ రాయల్ బ్లూ సిరా, కడిగేసినట్టు పోయాయి. ఒకదాని మీద కేరాఫ్ 99 ఏపీఓ అన్న మిలిటరీ పోస్టాఫీసు అడ్రసు ముక్క మాత్రం మిగిలింది, అది పోస్టాఫీసు వాళ్ల స్టాంపు పక్కన ఎవరో బాల్ పెన్నుతో దిద్దింది కాబట్టి. నేను ఆ లెటర్లు ముందే చదివాను లే, వాటిలో యుద్ధం ఎక్కడా ఉండదు, నేను క్షేమం, పాపకి పాలు పడుతున్నాయా, ఊడ్పులు అయ్యాయా, ఇంతే. ఆ పాపని నేను.

ఆ రోజు నేను ఏడుస్తూనే అడుగున ఉన్న రెండు వస్తువులు తీశాను. ఒకటి 1971 నాటి జేబు డైరీ, ఇంకోటి పొడుగు అట్ట నోట్‌బుక్. రెండూ తడిసి ఉబ్బిపోయాయి గానీ చిన్నా, లోపల అక్షరం చెక్కుచెదరలేదు. రెండూ పెన్సిల్‌తో రాసినవి! పెన్సిల్ రాత నీళ్లకి పోదు. నాన్న మిలిటరీలో వైర్‌లెస్, ఫోన్ మెసేజ్‌లు చూసే సిగ్నల్స్‌లో చేశారు కదా, చైనా యుద్ధం తర్వాత 1963లో చేరి జబల్పూర్‌లో ట్రైనింగ్ అయ్యారు, అక్కడ మెసేజ్ ఎప్పుడూ పెన్సిల్‌తోనే తీసుకోమనేవాళ్లట, వానలో తడిసినా నిలబడుతుందని. ఆఫీసులో కూడా చొక్కా జేబులో పెన్నుతో పాటు చెక్కిన పెన్సిల్ ముక్క ఉండేది, మా అమ్మ జేబులు నల్లబడుతున్నాయని సణిగేది.

పేజీకీ పేజీకీ మధ్య టిష్యూ పెట్టి, ఎండలో కాకుండా ఫ్యాన్ కింద 3 వారాలు ఆరబెట్టాను. రోజూ టిష్యూలు మార్చడమే నా పని. దగ్గు అందుకే వచ్చుంటుంది, అది నిజమే, ఇప్పుడు మాస్కు పెట్టుకుంటున్నా.

డైరీలో ఎక్కువ ఏం లేదు. అగర్తల వైపు ఉన్నారు అప్పుడు. డిసెంబరు 16, ఢాకాలో పాకిస్తాన్ వాళ్లు లొంగిపోయిన రోజు, 93 వేల మంది ఖైదీలైన యుద్ధం అది, ఆ తారీఖు కింద టీ దొరికింది అని ఒక్క ముక్క రాశారు. కానీ అంతకు కొన్ని రోజుల ముందు పేజీలో ఇలా ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నా. "ఈ రాత్రి 14 పేర్లు తీసుకున్నాను. లైన్ బాలేదు. ఒక పేరు మూడుసార్లు అడిగాను. అవతల వాడికి కోపం వచ్చింది." పోయినవాళ్ల పేర్లు అవి. వాటిని బట్టే కదా ఇంటికి టెలిగ్రాం వెళ్లేది.

ఇక నోట్‌బుక్. 1973లో మిలిటరీ నుంచి వచ్చేశాక బెజవాడలో ఒక పత్రికలో టెలిప్రింటర్ తెలిసినవాడని తీసుకున్నారు, ఇంగ్లీషు వార్త చుట్టలుగా వస్తుంటే చించి డెస్కుకి ఇవ్వడం పని, ఇస్తూ ఇస్తూ చదివి, చదివింది తెలుగులో రాసి చూపించి సబ్ ఎడిటర్ అయ్యారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మిలిటరీవాడివి కదా నువ్వెళ్లు అన్నారట ఆఫీసులో. చల్లపల్లి దాటాక రోడ్డు లేదు, నడక. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, అక్కడి నుంచి సముద్రం వైపు పల్లెలు. సుమారు 10 వేల మంది పోయారని లెక్క చెప్తారు గానీ నాన్న నోట్‌బుక్‌లో లెక్క లేదు. పేర్లున్నాయి. ఊరు, ఇంటిపేరు, పేరు, ఎవరు చెప్పారు, వాళ్లకి ఏమవుతారు. పేరు తెలియని చోట "ఆడమనిషి, ఎడమ చేతికి పచ్చబొట్టు" అని ఉంది. అలాంటివి చాలా ఉన్నాయి, ఒకేసారి చదవలేకపోయాను. ఇప్పుడు నీకు అసలు సంగతి చెప్తున్నా. ఒక పేరు పక్కన, చిన్న అక్షరాలతో, "మూడుసార్లు అడిగాను" అని ఉంది. అదే మాట, ఆరేళ్ల తర్వాత. ఈసారి ఎదురుగా ఉన్నది వైర్‌లెస్ కాదు, బిడ్డ పోయిన మనిషి.

నాకప్పుడు ఏడేళ్లు. నాన్న తిరిగొచ్చిన సాయంత్రం గుమ్మంలోకి రాలేదు, పెరట్లో బావి దగ్గరే నిలబడి బట్టలన్నీ తీసి పక్కన పడేసి తోడుకుని తోడుకుని పోసుకున్నారు. చెప్పులు అమ్మ పొయ్యిలో పెట్టింది. తర్వాత మా ఇంట్లో చాలాకాలం చేపలు వండలేదు, ఎందుకో నాకెవరూ చెప్పలేదు. పేపర్లో ఆయన రాసిన వార్తల్లో ఈ పేర్లన్నీ ఎక్కడ పడతాయి, అంత స్పేస్ ఎవరిస్తారు. అవి ఈ నోట్‌బుక్‌లోనే ఉండిపోయాయి చిన్నా. ఆ పల్లెల్లో మిగిలినవాళ్ల పిల్లలు ఇప్పుడు నీ కంటే పెద్దవాళ్లు, ఎవరైనా ఒకరు మా మేనత్త పేరు ఉందా అని వస్తే నేను చెత్త బండిలో వేశానని చెప్పనా?

మిగతావాటికి నేనేం పట్టుబట్టను. ఆరిన కటింగులు వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ వాళ్లు తీసుకుంటామంటే ఇచ్చేద్దాం, పాత పత్రికలు దాచడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. మెడల్ నీది. లెటర్లు ఖాళీ అయినా నా దగ్గరే ఉంటాయి.

నోట్‌బుక్ మాత్రం స్కాన్ చేస్తే చాలదు, వంకర రాత, పొట్టి పేర్లు, ఎవరో ఒకరు కూర్చుని చదివి ఎత్తిరాయాలి. నేను మొదలుపెట్టాను, పెన్సిల్‌తోనే. రోజుకి రెండు పేజీల కంటే కళ్లు ఒప్పుకోవట్లేదు, కొన్నిచోట్ల అది "ల"నో "ట"నో తేల్చుకోలేక ఖాళీ వదిలేశాను, ఊహించి రాయట్లేదు. సంక్రాంతికి 4 రోజులు ముందే రా, వచ్చేటప్పుడు మంచి భూతద్దం ఒకటి తీసుకురా. 41వ పేజీ దాకా అయింది. అక్కడ రిబ్బను పెట్టి ఉంచాను.

ఉంటాను,
అమ్మ